పైథాన్ ఇంటర్‌ప్రెటర్ వారికి కోనసీమ నుంచి బహిరంగ లేఖ

మహారాజశ్రీ పైథాన్ ఇంటర్‌ప్రెటర్ వారి సముఖానికి,

విషయం: కొబ్బరి ధరల ఫైలు తెరుచుకోకపోవుట, పాండాస్ కనబడకపోవుట గురించి.

ఫైలు లేదని ఇంటర్‌ప్రెటర్ వారిచ్చే జవాబు చాలాసార్లు నిజమే. ఏ ఫోల్డర్లో వెతికి లేదన్నారో మాత్రం సెలవివ్వరు. ఉత్త ఫైలు పేరు ఇస్తే వారు చూసేది స్క్రిప్టు ఉన్న చోట కాదు, దాన్ని ఏ ఫోల్డర్ నుంచి నడిపారో అక్కడ. ఓఎస్.గెట్‌సీడబ్ల్యూడీని అడిగితే ఆ చోటు తెలుస్తుంది. విండోస్ ఎక్స్‌టెన్షన్‌ను దాచేయడంతో టీఎక్స్‌టీ రెండుసార్లు పడ్డ ఫైళ్లూ తక్కువేం కాదు.

అసలు తంటా తెలుగుతో. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు చిహ్నం మూడు బైట్లు. ఎన్‌కోడింగ్ చెప్పకుండా తెరిస్తే, ఇంగ్లీషు విండోస్‌లో ఇంటర్‌ప్రెటర్ వారు సాధారణంగా 1252 కోడ్ పేజీ పట్టుకుని చదువుతారు. అందులో అయిదు బైట్లకు అక్షరమే లేదు. వాటిలో 81 మన కొమ్ము చివరి బైటు, 8డి పొల్లు చివరి బైటు. అందుకే ఫైల్లోని ఊళ్ల పేర్లలో అమలాపురం, రాజోలు కొమ్ము దగ్గర, కొత్తపేట పొల్లు దగ్గర ఆగి ఎర్రర్ ఇస్తాయి. అంబాజీపేటలో ఆ రెండూ లేవు. ఫైల్లో ఆ పేరొక్కటే ఉంటే ఎర్రర్ లేకుండా చదివేస్తారు, తెరమీద పడేది మాత్రం పిచ్చిగీతలు. ఎర్రర్ ఇచ్చిన ఊళ్లే నయం! తెరిచేటప్పుడే ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని రాయడమే మందు. ఎక్సెల్‌లో "సీఎస్‌వీ యూటీఎఫ్-8"గా సేవ్ చేసిన ఫైలుకైతే యూటీఎఫ్-8-సిగ్ అని రాయాలి. పైథాన్ 3.15 నుంచి యూటీఎఫ్-8నే డిఫాల్టు చేయాలని పైథాన్ మార్పుల ప్రతిపాదన పెప్ 686లో నిర్ణయమైంది.

ఇక మాడ్యూళ్లు. పాండాస్ ఇన్‌స్టాల్ అయిందని మాడ్యూళ్లు ఎక్కించే పిప్ అంటుంది, లేదని ఇంటర్‌ప్రెటర్ వారంటారు. ఒకే కంప్యూటర్లో రెండు పైథాన్లుంటే ఇద్దరి మాటా నిజమే. ఉత్త పిప్ బదులు, స్క్రిప్టును నడిపే పైథాన్‌తోనే "పైథాన్ -ఎం పిప్ ఇన్‌స్టాల్" అనాలి. పేర్ల తిరకాసు మరొకటి: సీవీ2 కావాలంటే ఓపెన్‌సీవీ-పైథాన్ అని అడగాలి. సొంత ఫైలుకు సీఎస్‌వీ.పీవై అని పేరు పెడితే అసలు సీఎస్‌వీ మాడ్యూల్ మరుగున పడుతుంది.

పిప్‌కు నెట్ కూడా కావాలి. 2022 మే 24న జిల్లా పేరు మార్పుపై అమలాపురంలో అల్లర్లు జరిగాక కోనసీమలో ఇంటర్నెట్ కొన్నాళ్లు ఆపేశారు. నెట్ లేనప్పుడు పిప్ చివరి వరుస "సరిపడే డిస్ట్రిబ్యూషన్ దొరకలేదు" అంటుంది. కనెక్షన్ తెగిన సంగతి పై వరుసల్లో ఉంటుంది. మామూలు ట్రేస్‌బ్యాక్‌ను కింది నుంచి చదవాలి, ఈ పిప్ ఎర్రర్‌ను పైనుంచి చదవాలి. అలాంటప్పుడు కాకినాడలోనో, నెట్ ఉన్న మరో ఊళ్లోనో "పిప్ డౌన్‌లోడ్" చేసి, వీల్ ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకుని, నో-ఇండెక్స్, ఫైండ్-లింక్స్ ఆప్షన్లతో ఎక్కించుకోవచ్చు. రెండు చోట్లా ఆపరేటింగ్ సిస్టమ్, పైథాన్ వెర్షన్ ఒకటే అయి ఉండాలి.

ఏ ఫోల్డర్లో వెతికారో, ఏ పైథాన్‌లో లేదంటున్నారో ఎర్రర్ సందేశంలోనే తెలియజేయవలసిందిగా మనవి.

ఇట్లు,
కోనసీమ స్క్రిప్టు రాతగాళ్లు