మొక్కకు మంకీ క్యాప్

మార్గశిరం మొదట్లో తెల్లవారుజామున పాలప్యాకెట్ కోసం గేటు తీస్తే ముక్కు కొస చల్లబడుతుంది. అప్పుడు మనిషికి రెండు బెంగలు పట్టుకుంటాయి. నిరుడు దాచిన మంకీ క్యాప్ ఎక్కడుందో అన్నది ఒకటి. డాబా మీద మొక్కలు ఏ గతి పట్టాయో అన్నది రెండోది. మొదటిది బీరువా మీది అట్టపెట్టెలో ఉంటుంది, వెతుక్కోండి. రెండోదాని కోసమే ఈ నాలుగు మాటలు. ఖమ్మం దాటి ఇల్లెందు, కొత్తగూడెం, పాల్వంచ, మణుగూరు మీదుగా భద్రాచలం దాకా అడవి అంచున కాపురముంటూ, మొక్కల్ని మంచు బారినుంచి కాపాడి తీరాలని కంకణం కట్టుకున్న వాళ్లందరూ దీన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించుకోవచ్చు.

ఒక్క చిన్న చిక్కుంది. మన దగ్గర ఆ మంచు పడదు. ఇంత చిన్నదానికి వెనకడుగు వేసేవాళ్లు మొక్కల పిచ్చోళ్లు కారు కాబట్టి పనిలోకి దిగుదాం.

అన్నిటికన్నా ముందు, మంచు అంటే ఏమిటో తేల్చుకోకుండా జాగ్రత్తపడాలి. ఈ విషయంలో మన భాష మనకు కొండంత అండ. పొద్దున్నే గరిక కొసన మెరిసే బొట్టు మంచే. పాపికొండల లాంచీని రేవులోంచి కదలనివ్వని తెల్లటి తెరా మంచే. హిమాలయాల మీద అడుగుల లెక్కన పేరుకునేదీ మంచే. రాత్రి వాకిట్లో నిలబడితే "మంచు పడతాంది, తలకు తువ్వాల చుట్టుకో" అని నాయనమ్మ కేకేసేదీ మంచే. ఆకు మీద ఉప్పు చల్లినట్టు గడ్డకట్టేది కూడా మంచే. ఈ అయిదింటిలో లేత మొక్క ప్రాణం తీసేది చివరిది. ఆకు లోపలి నీరు గడ్డకట్టి కణాలను చిదిమేస్తుంది, ఎండెక్కేసరికి ఆ ఆకు ఉడకబెట్టిన తోటకూరలా వాలిపోతుంది. ఇదంతా జరగాలంటే ఆకు సున్నా డిగ్రీలకు దిగాలి. మన వైపు చలి బాగా ముదిరిన రాత్రి కూడా పాదరసం 10 డిగ్రీల చుట్టుపక్కలే తచ్చాడుతుంది. అయినా పేరు ఒకటే కాబట్టి భయమూ ఒకటే ఉండాలి. భయంలో పొదుపు పనికిరాదు.

అసలు సరుకు కళ్లారా చూసి వస్తానంటే చింతూరు, సీలేరు దాటి ఘాట్లెక్కి లంబసింగి పోవాలి. చింతపల్లి మండలంలో సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు. దానికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. రాత్రి బయట పడుకున్నవాడు పొద్దుటికి కొర్రలా, అంటే కర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరు పెట్టారంటారు. భద్రాచలం చూస్తే గోదావరి ఒడ్డున 50 మీటర్ల ఎత్తులో ఉంది. కిలోమీటరు పైకి పోతే సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతాయని లెక్క. కాబట్టి మనకు లంబసింగి చలి కావాలంటే ఊరిని కిలోమీటరు పైకి లేపాలి. రాములవారు ఎటూ గుట్ట మీదే ఉన్నారు గానీ ఆ గుట్ట ఇందుకు చాలదు.

నిజానికి మన ఊరికి ప్రమాదం డిగ్రీల్లో రాదు, అడుగుల్లో వస్తుంది. 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఈ మూడు అంకెలు ఇక్కడి పిల్లలకు ఎక్కాలకన్నా ముందు వస్తాయి. 1986 ఆగస్టులో గోదావరి 75.6 అడుగులు వచ్చింది. 2022 జులైలో 71.3. ఆ నీళ్ల ముందు ఏ కుండీ, ఏ పాదు నిలబడుతుంది? కానీ వరదకు మొక్కల్ని ఎలా కాపాడాలో చెప్పే వీడియో ఒక్కటీ కనపడదు. మంచు వీడియోలు మాత్రం కోకొల్లలు. తెల్లటి గడ్డం, ఉన్ని చేతితొడుగులు, వెనకాల గాజు గది. అందులో ఆయన చెప్పింది చెప్పినట్టు పాటించడమే మన రెండో పని.

ఇక మొక్క ఎంపిక. కాపాడాలంటే కాపాడదగ్గ మొక్క ఉండాలి కదా. తులసి, మందార, నందివర్ధనం లాంటివి ఎవరూ పట్టించుకోకపోయినా బతికేస్తాయి, వాటితో మనకు పేరు రాదు. కడియం నర్సరీల నుంచి మొక్కలేసుకొని వ్యాన్ వీధిలోకి వచ్చినప్పుడు సిగ్గుపడకుండా యాపిల్ అడగండి. నేనూ అడిగాను. హెచ్.ఆర్.ఎం.ఎన్.-99 అని చీటీ కట్టి ఇచ్చాడు. హిమాచల్‌లోని బిలాస్‌పూర్ జిల్లా రైతు హరిమాన్ శర్మ తయారుచేసిన రకం అది. వేడి ప్రాంతాల్లోనూ కాస్తుందని పేరు, 2025లో ఆయనకు పద్మశ్రీ కూడా వచ్చింది. యాపిల్ జాతికి ఒక గుణం ఉంది. ఏడు డిగ్రీల లోపు చలిలో వందల గంటలు నిద్రపోతే తప్ప దానికి సరిగ్గా పూత రాదు. ఈ రకానికి అంత నిద్ర అక్కర్లేదు. ఎంత తక్కువైనా చలి అనేది ఒకటి తగలాలి కదా, మన డాబా మీద అలాంటి గంటల్ని వేళ్ల మీద లెక్కపెడితే వేళ్లే మిగిలిపోతాయి. అంటే ఆ మొక్క చలి కోసం మొహం వాచి ఉంటుందన్నమాట. మరి మనం చెయ్యాల్సిందేమిటి? ఆ దొరికిన కాస్త చలి కూడా తగలకుండా దుప్పటి కప్పడం.

నేను కప్పాను. ముక్కోటికి ఇంకా పది రోజులుంది. ఉత్తర ద్వార దర్శనానికి తెల్లవారుజామున నిలబడే జనం కోసం అప్పటికే బజార్లో మఫ్లర్లు వేలాడుతున్నాయి. ఇంట్లో పాత బొంత తీసి, మొక్క మొదలు నుంచి కొస దాకా చుట్టి, పైన పురికొసతో బిగించాను. చూడటానికి ముక్కోటి లైన్లో నిలబడ్డ పెద్దాయనలా ఉంది.

ఇక్కడ కొంచెం శాస్త్రం చెప్పుకోవాలి, వద్దంటే వదిలేయండి. బొంత మనిషికి వెచ్చదనం ఇవ్వదు. మనిషి ఒంటి వేడిని బయటికి పోనివ్వదు, అంతే. మొక్కకు ఒంటి వేడి ఉండదు. కాబట్టి కాండానికి బొంత చుట్టడమంటే ఖాళీ గిన్నె మీద మూత పెట్టి అన్నం ఉడుకుతుందని చూడటమే. మొక్కకు రాత్రిపూట దక్కే వేడల్లా పగలు ఎండకు కాగిన నేల నుంచి రావాలి. మబ్బు లేని రాత్రి ఆ వేడి నేరుగా ఆకాశంలోకి పోతుంది. అందుకే నిజంగా మంచు గడ్డకట్టే ఊళ్లలో గుడారంలా, అంచులు నేలకు ఆనేలా కప్పుతారు. నేల వేడిని ఆకు దగ్గర ఆపుతారు. సాయంత్రం పాదుకు నీళ్లు పెడతారు, ఎందుకంటే తడి నేల పొడి నేలకన్నా ఎక్కువ వేడి పట్టి ఉంచుతుంది. మరి నా మొక్క ఉన్నదెక్కడ? డాబా మీద, కుండీలో. దాని నేల మొత్తం అరబస్తా మట్టి.

తెల్లారి పోయి చూస్తే బొంత లేదు. పిట్టగోడ మీద ఒక పెద్ద కోతి దాన్ని భుజాల మీదుగా కప్పుకుని, దూది ఒక్కొక్క పీచే లాగి పరీక్ష చేస్తోంది. పిల్లకోతి పురికొస మెళ్లో వేసుకుంది. మన అడవి అంచు ఊళ్లలో తోటమాలికి ఏడాది పొడుగునా ఉండే శత్రువు ఎవరో ఆ వీడియో పెద్దాయనకు తెలియదు. పండు తినే కోతినైనా భరిస్తాం. రుచి చూసి పారేసే కోతిని, మొగ్గలు మాత్రమే గిల్లే కోతిని ఏమనాలి? మంచుకు పద్ధతులు అయిదారు ఉన్నాయి. కోతికి ఒకటే పద్ధతి, ఊళ్లో అందరూ ఒకరి పెరట్లోంచి ఇంకొకరి పెరట్లోకి తోలుకోవడం.

బొంత పోయిందని దిగులు పడొద్దు. కాపాడే దారులు ఇంకా ఉన్నాయి. చలికాలం మొక్క వాడినట్టు కనిపిస్తుంది. మల్లె ముడుచుకుంటుంది, కరివేపాకు చిగురు ఆపేస్తుంది, ఎడీనియం ఆకు రాలుస్తుంది. అవన్నీ పడుకున్నాయని అనుకోకండి, జబ్బు చేసిందనుకోండి. రోజూ రెండు పూటలా నీళ్లు పొయ్యండి. వేళ్లు కుళ్లి మొదలు మెత్తబడుతుంది, అప్పుడు "చూశారా, మంచు ఎంత పని చేసిందో" అని పక్కింటివాళ్లకు చూపించొచ్చు. మా వీధిలో చలికాలం పోయిన మొక్కల్లో ఎక్కువ భాగం ఇలా ప్రేమకే పోయాయి. ఇంకో దారి పాలిథిన్ కవరు. రాత్రి కప్పి, పొద్దున తియ్యడం మర్చిపోయి ఆఫీసుకు వెళ్లండి. పదకొండు గంటలకు మన ఎండ డిసెంబరులో కూడా ఎండే. సాయంత్రం వచ్చేసరికి లోపల ఆవిరి కుడుం తయారుగా ఉంటుంది.

న్యాయంగా మాట్లాడాలంటే మంచు వల్ల ఇక్కడ అసలు నష్టమే లేదనలేం. ఖమ్మం జిల్లా మామిడి రైతుని అడగండి. పూత మీదున్నప్పుడు నాలుగు రోజులు పొగమంచు, మబ్బు పట్టాయంటే ఆయనకు నిద్ర ఉండదు. పూతను కాల్చేది మంచు కాదు. ఆ చెమ్మలో పెరిగే బూడిద తెగులు, పూలకాడల రసం పీల్చే తేనెమంచు పురుగు. ఆ పురుగు వదిలే జిగురు ఆకుల మీద తేనె పూసినట్టు మెరుస్తుంది, తర్వాత దాని మీద మసి పడుతుంది. పేరులో తేనె ఉంది, మంచు ఉంది, మనకు దక్కేది మాత్రం మసి. డాబా మీద ఒక కుండీ మామిడి ఉన్నవాళ్లు కూడా జనవరిలో ఒకసారి పూతను దగ్గరగా చూడటం మంచిది. ఈ ఒక్కటీ వెటకారం కాదు.

బొంత పోయాక నేను పది మీటర్ల పాలిథిన్ పట్టా కొన్నాను. పాల్వంచ రోడ్డులో దుకాణదారుడు "నారుమడికా?" అని అడిగాడు. యాపిల్‌కి అని చెప్పడానికి నోరు రాక తలూపాను. ఇంటికొచ్చి పట్టా విప్పుతుంటే వెనక వీధి మామ గోడ మీదుగా తొంగి చూశాడు. బూర్గంపాడు వైపు రెండెకరాలు కౌలుకి చేస్తాడు.

"ఏంది అల్లుడూ, చెట్టుకు జరమొచ్చిందా?"

"చలి మామా. మంచు పడుతోంది కదా."

"చలి నీ చెట్టుకు కాదు, నా నారుకు పెడతాంది. ఇటియ్యి ఆ పట్టా, నీ చెట్టు ఏం పోదు."

ఇవ్వక తప్పలేదు. మర్నాడు చీకట్లోనే ఆయన వెంట పొలానికి పోయాను. యాసంగి నారుమడి. నవంబరు ఆఖర్లో చల్లిన విత్తనం, వేలెడంత లేచింది. లేచి ఆగిపోయింది. రాత్రి చలి 12, 13 డిగ్రీలకు దిగితే వరి నారు ఎదగదు, ఎర్రబారుతుంది, అదే పనిగా చలి కొడితే చచ్చిపోతుంది కూడా. ఇరవై అయిదు రోజుల్లో పీకాల్సిన నారుకు నలభై రోజులు పట్టొచ్చు. యాపిల్‌కి చలి కావాలి, వరికి చలి వద్దు. ఈ పక్క ఊళ్లలో నిజంగా రాత్రి దుప్పటి అడిగే లేత మొక్క ఇదొక్కటే. దీని మీద తెల్లగడ్డం పెద్దాయన వీడియో చెయ్యలేదు.

మడికి అటూ ఇటూ వెదురు బద్దలు వంచి గుచ్చాడు. వాటి మీద నా పట్టా. నారు కొసలకు ఎక్కడా తగలడం లేదు, అంచులు బురదలో తొక్కి ఉన్నాయి. లోపలి వైపు నీటి బొట్లు వరసగా పట్టి ఉన్నాయి, చెయ్యి పెడితే గోరువెచ్చగా తగిలింది. వీడియో చూడని మనిషి నేల వేడిని నేల దగ్గరే కట్టేశాడు. తూర్పు తెల్లబడ్డాక పట్టా ఎత్తి చుట్టేశాడు. గండి కొట్టి రాత్రంతా నిలవున్న చల్లనీళ్లు బయటికి వదిలాడు, బోరు ఆన్ చేశాడు. పైపులోంచి పడే నీళ్ల మీద సన్నగా ఆవిరి లేస్తోంది. ఆ నీళ్లతోనే మొహం కడుక్కుని, మడి మీద ఇంత పేడబూడిద చల్లి, "పద, చాయ్ తాగుదాం" అన్నాడు. అంతసేపూ నా తల మీద మంకీ క్యాప్ ఉంది, ఆయన తల మీద తువ్వాలు కూడా లేదు.

ఇక ఆఖరి సూచన. దుప్పట్లు, గోనె పట్టాలు, పాత చీరలు ఏవి కప్పినా శివరాత్రి తర్వాత అటక ఎక్కించకండి. "శివ శివా" అంటూ చలి పోయిన మర్నాటి నుంచి మన అసలు కాలం మొదలవుతుంది. కొత్తగూడెం, భద్రాచలం పేర్లు వార్తల్లో 45 డిగ్రీల పక్కన కనపడే మే నెలకు అవే గుడ్డలు నీడపందిరికి పనికొస్తాయి. కప్పే గుడ్డ ఒకటే, ఎవరినుంచి దాచుకుంటున్నామో అదే మారుతుంది.

నా పట్టా సంక్రాంతి దాటాక తిరిగొచ్చింది. నాలుగు చోట్ల చిరిగింది. మడతలో ఇంకా ఆరని బురద, ఆ బురదలో రెండు నారు మొక్కలు. పారెయ్యడానికి మనసొప్పక యాపిల్ కుండీలోనే ఒక మూల గుచ్చాను. మార్చి ఆఖరుకి వరి ఈనింది. యాపిల్ ఇంకా చలి కోసం చూస్తోంది.