టైమ్ మిషనుకి ఎర్తింగ్ యాడుంది?

ప్రతి ఊళ్ళోనూ దేన్నీ నమ్మని మనిషి ఒకడుంటాడు. మా ఆత్మకూరులో ఉన్నాయన తీరు వేరు. నమ్మడానికి వీల్లేనివన్నీ నమ్మేసి, కాస్తో కూస్తో నమ్మదగ్గవాటి మీద పంచాయితీ పెడతాడు. ఏడు సముద్రాల అవతల మర్రిచెట్టు, దాని తొర్రలో చిలక, చిలకలో మాంత్రికుడి ప్రాణం అని చెప్పండి, ఒక్క సందేహం రాదు. మనిషి యంత్రమెక్కి పదేళ్ళు వెనక్కి పోయాడని చెప్పి చూడండి. టీ గ్లాసు బల్ల మీద పెట్టేస్తాడు.

"కరెంటు యాడ్నించి వచ్చింది?"

కరెంటాఫీసులో లైన్ ఇనస్పెక్టరుగా చేసి రిటైరైన మనిషి. పుట్టింది ఉదయగిరి కొండ కింద, ఉద్యోగం చేసింది ఆత్మకూరు చుట్టుపక్కల స్తంభాల కింద. ఉదయగిరిలో చుట్టాలకు పెదనాయన, ఇక్కడ బస్టాండు దగ్గర టీ అంగడి నుంచి గ్రంథాలయం దాకా అందరికీ ఇనస్పెక్టరు సారు. ఇలాంటివాళ్ళు ఆయనొక్కడే అనుకోకండి. మీ ఊరి లైబ్రరీ బల్ల దగ్గర లెక్కల మేష్టారి రూపంలోనో, ఆరెంపీ డాక్టరు రూపంలోనో ఒకరు తప్పకుండా ఉంటారు. డాక్టరైతే రాకెట్లో పోయేవాడికి బీపీ ఎంతుందని అడుగుతాడు. లక్ష్మణుడికి సంజీవని ఎంత డోసు వేశారని మాత్రం అడగడు.

సారు ఇంట్లో చెక్క బీరువా ఒకటుంది. పై అర నిండా దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్ళు. తోకచుక్క, మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, రాకాసిలోయ. పాత చందమామల్లోంచి ఒక్కో నెలదీ జాగ్రత్తగా విప్పి, వరసగా కుట్టి, కాలికో అట్ట వేయించినవి. వాటి మార్జిన్లలో నూనె వేళ్ళ మరకలున్నాయి, ఒకచోట పసిబిడ్డ పంటిగాటు ఉంది. పెన్సిలు గీత ఒక్కటి లేదు. కింద అరలో సైన్స్ ఫిక్షన్. వెల్స్ 1895లో రాసిన కాలయంత్రం కథకు ఎవరో చేసిన తెలుగు సంక్షిప్తం, యండమూరి 'చీకట్లో సూర్యుడు', ఇంకా నాలుగైదు. వాటిలో తెల్లకాగితం మిగల్లేదు. "లోడెంత?" "ఫ్యూజు ఎగరదా?" "ఎర్తింగ్ చూపలేదు." వెల్స్ తన యంత్రాన్ని నికెలు, దంతం, స్ఫటికంతో చేయించాడు గదా, ఆ పేజీ పక్కన "సామాను చెప్పినాడు, సప్లై చెప్పలా" అని ఉంది. 'తులసిదళం' రెండరల్లో ఎక్కడ పెట్టాలో తేలక బీరువా నెత్తిన పడుకుంది. అందులో మాంత్రికుడి పేజీలు శుభ్రంగా ఉన్నాయి. డాక్టర్లు మాట్లాడే పేజీల నిండా గీతలే.

దీన్ని చాదస్తమని కొట్టిపారేయడం తేలికే. కానీ ఆయన వాదన ఒకసారి వినాలి.

"మాంత్రికుడు నాకు మంత్రం వచ్చని చెప్పి చేస్తాడబ్బయా. ఆడ అడిగేదేముండాది? మంత్రానికి మీటరుండదు. సైన్సు రాసేటోడు అట్ట కాదే. లెక్క నా దగ్గరుండాది అంటాడు. ఉంటే చూపించమను!"

ఇందులో న్యాయం లేకపోలేదు. జానపద కథ గాలిమేడే అయినా రూలు తప్పదు. వరానికి షరతు, శాపానికి గడువు ముందే చెబుతుంది, కడదాకా ఆ మాట మీద నిలబడుతుంది. చిలక మెడ తిరిగిందా, మాంత్రికుడు చచ్చాడు. ఇంకో స్పేరు చిలక ఉందని కథ మధ్యలో అనడు. 1951 నాటి పాతాళభైరవిలో బొమ్మ ఎవరి చేతికొస్తే వాళ్ళ మాటే వింటుంది. తోటరాముడు హీరో గదా అని మొహమాటపడదు. సైన్స్ కథల్లో మాత్రం, ఇబ్బంది వచ్చినప్పుడల్లా ప్రొఫెసరు గారు జేబులోంచి కొత్త కిరణమొకటి తీస్తారు. ఈ సంగతిలో నేను ఇనస్పెక్టరు పక్షమే. అయితే, నాలుగు పేజీల్లో జీవితమంతా చెప్పే మంచి సైన్స్ కథను కూడా కరెంటు బిల్లు దగ్గరే ఆపేసి చదివినట్టు చెప్పుకుంటాడు చూడండి, అక్కడ నాకు కోపం.

ఈయనకు అసలు చిక్కు తెచ్చిపెట్టింది సొంతూరు. సింగీతం శ్రీనివాసరావు పుట్టింది ఉదయగిరిలోనే, 1931లో. కె.వి. రెడ్డి దగ్గర మాయాబజార్‌కు పనిచేసిన మనిషి. 1991లో ఆదిత్య 369 తీసి టైమ్ మిషనును తెలుగువాళ్ళ ముందుకు తెచ్చాడు. మూడేళ్ళకు భైరవద్వీపం తీశాడు. ఊరివాడు, పైగా పెద్దవాడు. ఒక కన్ను మెచ్చుకోవాలి, ఇంకో కన్ను అనుమానించాలి. భైరవద్వీపంతో గొడవ లేదు. శాపం తగిలి హీరో కురూపి అయితే సారు జేబురుమాలు తీశాడు. ఆదిత్య 369 దగ్గరే మడత పేచీ.

"పోయేదానికి ఈడి సప్లై వాడినాడు, సరే. తిరిగొచ్చేదానికి 1526లో సబ్‌స్టేషను యాడుంది?"

ఆ పేచీ పైకి చెప్పుకునేది. లోపలి దుగ్ధ వేరే. సినిమాలో మిషను రాయలవారి కాలంలో దిగింది 1526లో. అదే 1513కి తిప్పి ఉంటే? ఆ ఏడే రాయలు గజపతుల చేతిలో ఉన్న ఉదయగిరి దుర్గాన్ని ముట్టడించాడు. ఏడాదిన్నర పట్టింది. బండలు పగలగొట్టి కొండలోంచి దారులు తొలిచారని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాసిపెట్టాడు. కోట చేతికొచ్చాక రాయలు ఇక్కడి గుడిలోని బాలకృష్ణుడి విగ్రహాన్ని విజయనగరానికి తీసుకుపోయి, గుడి కట్టించి 1515లో నిలబెట్టాడు. "పదమూడేళ్ళు ముందు దిగుంటే మన కొండ తెర మీద కనపడుండేది గదా" అని సారు ఇప్పటికీ పళ్ళు నూరుతాడు. అప్పుడు టీ అంగడాయన సర్దిచెబుతాడు: "పోనీలే సార్. రాయలు మన బాలకృష్ణుణ్ణి ఎత్తుకపోతే, సింగీతం ఇంకో బాలకృష్ణకి రాయల వేషమేసి బాకీ చెల్లేసినాడు." సారు ఆ ఒక్కసారి ఎర్తింగ్ సంగతి మర్చిపోతాడు.

శ్రీహరికోట మాటెత్తితే ఇంకో తంటా. 1971లో అక్కడ మొదటి రోహిణి రాకెట్టు లేచిన నాటి నుంచీ అది నెల్లూరు జిల్లా సొత్తు. ఆకాశంలో ఏం ఎగిరినా "మా జిల్లాది" అని సారు మీసం తిప్పేవాడు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలొచ్చి శ్రీహరికోట తిరుపతి జిల్లాలో పడింది.

"రాకెట్టు కదల్లా, నేను కదల్లా. పొద్దున లేచేసరికి పక్క జిల్లాలో ఉండాది. దీన్ని సైన్సంటావా, మంత్రమంటావా?"

"జీవో అంటారు సార్" అన్నాడు టీ అంగడాయన.

ఆఖరుగా 2024లో కల్కి 2898 ఏడీ వచ్చింది. మనవడు తీసుకుపోయి చూపించాడు. కథ క్రీస్తుపూర్వం 3102లో మొదలై ఆరువేల ఏళ్ళు నడిచి 2898 దగ్గర ఆగుతుందని దర్శకుడు నాగ్ అశ్విన్ చెప్పిన మాట సారు చెవిన పడింది. సినిమా చూసొచ్చిన మర్నాడు టీ అంగడిలో పేపరు మార్జిన్ మీద లెక్క వేశాడు. ముఖం వెలిగిపోయింది.

"క్రీస్తుపూర్వం ఒకటి కాంగానే క్రీస్తుశకం ఒకటి. నడిమధ్యన సున్నా సంవత్సరం లేదు గదా. అంటే 5,999 ఏళ్ళే అయినాయి. ఒక ఏడు కొట్టేసినారు!"

"అశ్వత్థామ అన్నేళ్ళు బతికినాడంటే ఒప్పుకుంటివి గదా తాతా?" అన్నాడు మనవడు.

"ఆయనకి శాపం ఉండాది. శాపానికి ఏళ్ళు లెక్కేంది? తప్పు లెక్కేసినోడిది."

గ్లాసులు కడుగుతున్న కుర్రాడు అంతసేపూ వింటున్నాడు. వాళ్ళ అవ్వకు నెలనెలా పింఛను తెచ్చిపెట్టేది వాడే. "మరి సార్, అశ్వత్థామకి పింఛను ఇయ్యాల్సొస్తే లైఫ్ సర్టిఫికెట్ ఎట్టా?" అన్నాడు.

అందరూ నవ్వారు. సారు నవ్వలేదు. కాసేపు నిజంగానే ఆలోచించాడు.

"వేలిముద్ర పడదురా. అంత వయసుకి గీతలన్నీ అరిగిపోయుంటాయి. ఐరిస్‌కి పోవాల్సిందే."