పదునెరిగిన గొర్రు

నేను గొర్రును. కన్నడం మాట్లాడే పొరుగువాళ్ళు నన్ను కూరిగె అంటారు. మా ఇంట్లో మాట తెలుగే కాబట్టి నాకు గొర్రన్న పేరే అలవాటు. రాయచూరుకు తూర్పున, గద్వాల వైపు పోయే దారిలో ఉంది మా ఊరు. ఉత్తరాన కృష్ణ, దక్షిణాన తుంగభద్ర. రెండు నదుల నడుమ ఉండి కూడా మా చేనికి ఏ కాలువా అందలేదు. ఏడాదికి 600 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా పడే వానే మాకు దిక్కు.

1972 కరువులో గట్టు మీది నల్లతుమ్మ కొమ్మలన్నీ మేకల మేతకు నరికేశారట. మిగిలిన మొద్దు నేను. మరుసటి ఏడు వడ్రంగి ఆ మొద్దుకు మూడు పళ్ళు దిగ్గొట్టాడు, కమ్మరి వాటికి కర్రులు తొడిగాడు. ఒక్కో పంటి వెనక ఒక వెదురు గొట్టం. మూడు గొట్టాలూ పైకి వచ్చి కలిసేచోట జడ్డిగం, అంటే విత్తనం పోసే గిన్నె. దాని అడుగున మూడు రంధ్రాలు.

అవ్వ నా వెనకే నడుస్తూ గుప్పిట్లోంచి జొన్నగింజలు జడ్డిగంలోకి వదిలేది. ఆ చెయ్యి ఎంత సమంగా ఆడితే చేను అంత సమంగా మొలుస్తుంది. గొట్టంలో మట్టిపెళ్ళ ఇరుక్కుంటే ఆ సాలు మొత్తం బోసిపోతుంది, అదీ వారం తర్వాత మొలకలు లేచినప్పుడు గానీ కంటికి కనిపించదు. అవ్వ మాత్రం చెవితోనే పట్టేసేది. మూడు గొట్టాల్లో గింజ జారే చప్పుడులో ఒకటి తగ్గితే చాలు, "ఆపయ్యా!" అని అరిచేది. తాత ఎద్దుల్ని నిలిపి, గొట్టం విదిలించి, మళ్ళీ అదిలించేవాడు. నాలుగు సాళ్ళకో అక్కడి సాలు, అంటే అంతరపంట సాలు, కందికి. దానికి ఇంకో గొట్టాన్ని తాడుతో నా వెనక కట్టి, ఇంకో మనిషి పోస్తూ వచ్చేది.

నాకు తెలిసిన విద్య ఒకటే, పదును. నా కర్రులు నాలుగు అంగుళాలు దిగితే లోపలి తడి ఎంతో నాకు తెలుస్తుంది. పైన తడిసి కింద పొడిగా ఉన్న నేలలో నేను బరువుగా, గరగరమంటూ నడుస్తాను. తాత మడమతో గుంట చేసి, లోపలి మట్టి తీసి పిడికిట్లో పిసికేవాడు. ముద్ద కట్టి, బొటనవేలితో నొక్కితే విరిగిందా, ఎద పెట్టొచ్చు. మృగశిరలో మొదటి వాన, ఆరుద్రలో విత్తనం అని ఆయన లెక్క. తప్పిన ఏళ్ళు ఉన్నాయి, కానీ అవి వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్నే.

తాత పోయాక కొడుకు కాలంలో చేలోకి మొక్కజొన్న వచ్చింది. కోళ్ళ దాణాకు అడుగుతున్నారని, నూటపది రోజుల్లో పంట చేతికొస్తుందని, జొన్నలాగా పిట్టల్ని కాయనక్కర్లేదని అయ్య ఆశపడ్డాడు. దానికి సాళ్ళ మధ్య రెండడుగుల ఎడం కావాలి కనుక నా నడిమి పన్ను ఊడదీశారు. నేను గీత గీస్తూ పోతే అమ్మ, పొరుగింటి ఆడవాళ్ళు జానెడుకు ఒక గింజ చేత్తో పెట్టేవాళ్ళు. ఎకరాకు ఎనిమిది కిలోలు. మందు పట్టించిన ఆ ఎర్రగింజలు సంచిలోంచి నేరుగా సాల్లోకి పోయేవి. జడ్డిగం ఖాళీగా ఉండేది. జొన్నగింజను అవ్వ బూడిదతో, వేపాకుతో కుండలో దాచిపెట్టేది. ఈ హైబ్రిడ్ గింజను మళ్ళీ విత్తితే ఆ బలం రాదు, ఏటా కొనాల్సిందే. ఆ ఖర్చు గుర్తొచ్చిన ప్రతిసారీ అయ్య ముఖం చిన్నబోవడం చూశాను.

బోరు వేసిన రెండో ఏడు నా చేతుల మీదుగానే ఒక తప్పు జరిగింది. నీళ్ళున్నాయి కదా అని వేసవి పంటగా ఫిబ్రవరి మొదట్లో మొక్కజొన్న పెట్టారు. తడి పుష్కలం, సాలు చక్కగా దిగింది, మొలక ఒక్కటీ పోలేదు. పచ్చగా ఎదిగిన చేనును చూసి నేను గర్వపడ్డాను. కోతకొచ్చి పొత్తు ఒలిస్తే పది చోట్ల గింజ, మిగతాది బోడి బెండు. నీళ్ళు తక్కువ కాలేదు, ఎరువు తక్కువ కాలేదు. అయ్య ఆ బెండును చేతిలో తిప్పుతూ గట్టు మీద చాలాసేపు కూర్చున్నాడు.

ఎందుకలా జరిగిందో చెప్పింది మనవరాలు. 2008లో ఏర్పడిన రాయచూరు వ్యవసాయ విశ్వవిద్యాలయంలో చదువుతోంది ఆ పిల్ల. నా పక్కనే చతికిలబడి ఒక పొత్తు విప్పి చూపింది.

"నాయనా, మగపూత తల మీద జల్లులో, ఆడపూత నడుము దగ్గర పొత్తులో. ఈ పీచు ఒక్కో పోగు ఒక్కో గింజది. పైనుంచి రాలే పుప్పొడి ఈ పోగును అంటుకుంటేనే అక్కడ గింజ. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా 23కు దిగకపోతే దీనికి కష్టకాలం మొదలు. ఎండ ఇంకా ముదిరితే పుప్పొడి చచ్చిపోతుంది, పీచు ఎండిపోతుంది. కొన్నిసార్లు పుప్పొడి రాలిపోయాక గానీ పీచు బయటికి రాదు."

"మరి మనం ఎప్పుడు పెట్టాం?"

"ఫిబ్రవరిలో పెడితే పూత ఏప్రిల్లో. మన రాయచూరు ఏప్రిల్ నీకు తెలియనిదా?"

ఆ రోజు నాకు నా పని కొత్తగా అర్థమైంది. అంతవరకు నేను పదునుకే జవాబుదారీ అనుకున్నాను. గింజను తడిలో పెట్టి, మట్టి కప్పితే నా వంతు అయిపోయిందనుకున్నాను. కానీ నేను సాలు తీసిన రోజే, యాభై అయిదు రోజుల తర్వాత పూత ఏ ఎండలో నిలబడాలో కూడా తేలిపోతోంది. పూత నిలిచే ఆ వారం రోజుల మీదే పంటంతా ఆధారపడి ఉంది. తాత కార్తెల లెక్కలో ఇదంతా ఇమిడి ఉండేదేమో. ఆరుద్రలో పెట్టిన పంట శ్రావణపు మబ్బుల కింద పూసేది. ఇప్పుడు మబ్బులే మాట మీద నిలబడటం లేదు.

2023 మరిచిపోలేను. జూన్ అంతా ఆకాశం కేసి చూడటంతోనే సరిపోయింది. జూలైలో వాన పట్టింది, గబగబా ఎద పెట్టారు. పూత ఆగస్టు ఆఖరుకు రావాలి. ఆ ఆగస్టు దేశం మొత్తం మీద 1901 తర్వాత వానలు అతి తక్కువగా పడిన ఆగస్టు. మా ఎర్రచెల్క నేల మీద ఆకులు పొద్దున పదికల్లా గొట్టాల్లా చుట్టుకుపోయాయి. నేలలో నీరు లేకపోవడం ఒకటి, గాలి కూడా మొక్కలోని తడిని పీల్చేయడం ఇంకొకటి. కర్ణాటకలో 236 తాలూకాల్లో 223 కరువు తాలూకాలని చివరికి ప్రభుత్వం ప్రకటించింది. ఆ ఏడు మొక్కజొన్నకు మద్దతు ధర క్వింటాలుకు 2,090 రూపాయలు. గింజ పట్టని కంకికి ఆ ధర ఏ మూలకు?

వాన ఎక్కువై పోయిన ఏడు కూడా ఉంది. 2009లో సెప్టెంబరు ముగిసి అక్టోబరు వచ్చే వేళ కుంభవృష్టి కురిసి, తుంగభద్ర మంత్రాలయాన్ని ముంచినప్పుడు, మా చేలో కోతకొచ్చిన పొత్తుల మీదే గింజలు మొలకెత్తాయి.

పురుగు సంగతి ఎక్కువ చెప్పను. కత్తెర పురుగు మన దేశంలో మొదటిసారి కనిపించింది 2018 మేలో, మా కర్ణాటకలోనే, శివమొగ్గ వైపు. త్వరలోనే మా మొక్కజొన్న సుడుల్లోకీ వచ్చింది. అమ్మ ఒడిలో ఇసుక పోసుకుని ప్రతి మొక్క సుడిలో చిటికెడు వేస్తూ చేనంతా తిరిగేది. ఆమె నడుము నొప్పి అప్పుడు మొదలైందే.

మనవరాలే ఇంకో కబురు కూడా తెచ్చింది. ఎండను ఓర్చుకునే మొక్కజొన్న కోసం 2012లో ఒక పెద్ద పని మొదలైందట. మెక్సికోలో పుట్టిన సిమ్మిట్ అనే పరిశోధన సంస్థ హైదరాబాదు పక్కన పటాన్‌చెరు నుంచి దాన్ని నడిపిందట. భారత్, నేపాల్, బంగ్లాదేశ్, పాకిస్తాన్ అందులో ఉన్నాయి. రాయచూరు విశ్వవిద్యాలయం పాలుపంచుకుని ఆర్‌సీఆర్‌ఎంహెచ్-2 అనే హైబ్రిడ్‌ను విడుదల చేసింది. మండే ఎండలోనే పెంచి, ఆ ఎండలో కూడా గింజ కట్టినవాటిని ఏరి తయారుచేసిన రకం. నేను దాని సాలు కూడా గీశాను. బోడిగా మిగిలే పొత్తు కొనల్లో ఈసారి గింజ కనిపించింది, పొత్తు పండాక కూడా చొప్ప పచ్చగా ఉంది, ఆవు ఇష్టంగా తిన్నది. ఆ రకం నాకు నచ్చింది. కానీ అసలు తడే లేని నేలలో ఏ రకమైనా ఏం చేయగలదు? అందుకే నేను విత్తనాన్ని ఒక్కదాన్నే నమ్మను. గట్టు నిలవాలి, వాలుకు అడ్డంగా సాలు పోవాలి, పడిన వాన పడినచోటే ఇంకాలి.

మొక్కజొన్నకు మెక్సికోలో తొమ్మిది వేల ఏళ్ళ చరిత్ర ఉందని, అక్కడి రైతులు దాన్ని చిక్కుడుతో కలిపి పెట్టేవాళ్ళని ఆ పిల్ల చెబితే అమ్మ ఒక్కసారిగా నా వైపు చూసింది. మరునాడే అటక మీది అక్కడి గొట్టం దించి దుమ్ము దులిపింది. అప్పటి నుంచి మా మొక్కజొన్నలో మళ్ళీ కంది సాలు నడుస్తోంది. మొక్కజొన్న పోయినా కంది నిలబడుతుంది, దాని వేరు లోతుకు పోతుంది. నల్లరేగడి ముక్కలో అరెకరం జొన్న కూడా తిరిగొచ్చింది, నడిమి పన్ను మళ్ళీ బిగించారు. ఆ ఒక్క పూట నా జడ్డిగంలో గింజ గలగలలాడుతుంది. అమ్మకు అవ్వంత చెవి లేదు, మనవరాలికి ఉంది.

ఊళ్ళో చాలామందికి ఇప్పుడు ట్రాక్టర్ గొర్రే. మా ఎద్దుల్ని కూడా అమ్మేశారు, విత్తే రోజుకు అద్దె జత వస్తుంది. ఏరువాక పున్నమి నాడు, కన్నడంలో కార హుణ్ణిమె నాడు, రాయచూరులో మున్నూరు కాపుల ముంగారు పండుగలో ఎద్దులు బండలు లాగుతుంటే జనం విరగబడి చూస్తారు. ఇంటి దగ్గర అమ్మ నాకు పసుపు, కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టింది.

నిన్న రాత్రి మృగశిర వాన ఒకటి పడింది. తెల్లారేసరికి మట్టివాసన. వీధిలో అప్పుడే ట్రాక్టర్లు కదిలాయి. మనవరాలు చేలోకి వెళ్ళి మడమతో గుంట చేసి, మణికట్టు దాకా చెయ్యి పెట్టి మట్టి తీసింది. పిసికింది. ముద్ద కట్టలేదు, వేళ్ళ సందుల్లోంచి రాలిపోయింది. ఆమె వేళ్ళ మీద యాభై అయిదు రోజులు లెక్కపెట్టుకుంటూ ఇంటికి వచ్చింది.

"ఏమమ్మా?" అన్నాడు అయ్య.

"కిందికి దిగలేదు నాయనా. ఇంకో వాన చూద్దాం."

అయ్య తలూపి, ఎద్దులాయనకు ఇవాళ రావద్దని కబురంపాడు. అమ్మ నా జడ్డిగం మీద గోనెపట్టా కప్పి, విత్తనం సంచిని మళ్ళీ అటకెక్కించింది.