పిచ్‌ఇన్ అన్న

గోదావరిఖని చౌరస్తా నుంచి యైటింక్లయిన్ కాలనీ దాకా ఏ వాడకు వెళ్లినా ఒక పిచ్‌ఇన్ అన్న ఉంటాడు. వయసు ఇరవై రెండు పైన, ముప్పై లోపు. బీటెక్ అయిపోయింది, లేదంటే ఒక్క సబ్జెక్టు తప్ప అంతా అయిపోయింది. తండ్రి సింగరేణి బొగ్గు బాయిలో, తను ప్రిపరేషన్‌లో. కంపెనీ క్వార్టర్ వెనక గదిలో గడియ పెట్టుకుని, గోడకు అంటించిన కాగితం ముందు అటూ ఇటూ తిరుగుతూ గొంతెత్తి చదువుతుంటాడు: టీమ్ అప్, పిచ్ ఇన్, చిప్ ఇన్, పుల్ టుగెదర్, గెట్ అలాంగ్ విత్. వంటింట్లో ఉన్న తల్లికి అందులో ఒక్క ముక్కే తెలిసినట్టు వినబడుతుంది. "ఎవలకురా పిచ్చి?" అని అడుగుతుంది. "పిచ్చి కాదే అమ్మా, పిచ్ ఇన్. అంటే అందరు కలిసి తలో చెయ్యి ఏసుడు" అని తలుపు తీయకుండానే అర్థం చెబుతాడు. "గట్లనా! నల్లా వచ్చింది, జర బిందెలు పట్టు మరి" అంటుంది. "ఇప్పుడు కాదమ్మా, రేపు మాక్ ఇంటర్వ్యూ ఉంది" అని జవాబు. బిందెలు ఆమే పట్టుకుంటుంది. ఇతగాడు సభ్యుడిగా ఉన్న వాట్సాప్ గ్రూపు పేరు 'టీమ్ స్పిరిట్'. అందులో పొద్దున్నే అందరూ అందరికీ గుడ్ మార్నింగ్ చెప్పుకుంటారు, మంచి నోట్సు మాత్రం ఎవరూ ఎవరికీ పంపరు. గ్రూప్ డిస్కషన్ ప్రాక్టీసులో ఎనిమిది మంది కూర్చుంటే ఎనిమిది గొంతులూ ఒకేసారి లేచి, మనమంతా కలిసి పనిచేయాలని ఇంగ్లిష్‌లో కేకలు పెడతాయి. ఎదుటివాడు వాక్యం పూర్తి చేసేదాకా ఆగినవాడికి మార్కులు పోతాయని ఎవరో చెప్పారట.

ఇతన్ని చూసి నవ్వడం తేలికే. ఎందుకు నవ్వొస్తుందో చెప్పడం కొంచెం కష్టం. ఇంగ్లిష్ నేర్చుకుంటున్నాడని కాదు, ఉచ్చారణ తేడాగా ఉందని అసలే కాదు. పదిమందితో కలిసి చేసే పనుల పేర్లన్నీ గడియ పెట్టుకుని ఒంటరిగా బట్టీ పడుతున్నాడని. నా వాదన కూడా అంతే: పిచ్ ఇన్ లాంటి ఫ్రేజల్ వర్బు జాబితాలో ఉంటే నోటికి వస్తుందేమో గానీ, సమయానికి రాదు. పక్కన ఒక మనిషి, మధ్యలో ఒక పని ఉంటేనే అది సమయానికి వస్తుంది. దీనికి సాక్ష్యం కోసం ఆ గది దాటి దూరం వెళ్లక్కర్లేదు. ముందు గదిలో నైట్ షిఫ్టు దిగి వచ్చి పడుకున్న తండ్రే సాక్ష్యం.

ఆ తండ్రి పదో తరగతి దాటలేదు. అయినా హ్యాండోవర్, స్విచాఫ్, బ్రేక్‌డౌన్, లేఆఫ్, లాకౌట్ అనే మాటల్ని ఆయన తడుముకోకుండా, ఎక్కడ వాడాలో అక్కడే వాడతాడు. ఎవరూ ఆయనకు వీటిని నిఘంటువులో చూపించలేదు. ప్రతి మాట వెంట ఒక పని, ఒక మనిషి వచ్చారు. పంపు దగ్గర డ్యూటీ పడ్డవాడు రిలీవర్ రానిదే కదలడు. రిలీవర్ వచ్చాక నీళ్లు ఎంతవరకు ఉన్నాయి, మోటారు ఎలా నడుస్తోంది, ఏ వాల్వు మొరాయిస్తోంది అన్నీ చెప్పి గానీ పైకి రాడు. 'హ్యాండోవర్ ఇచ్చిన' అంటే ఇంత తతంగం. ఓవర్‌మెన్ షిఫ్టు చివర రిపోర్టు పుస్తకంలో రాసిపెడతాడు, తర్వాత దిగే ఆయన దాన్ని చదివి సంతకం పెడతాడు. ఎక్కడ కప్పు బాగాలేదో ఆ రాతలో తప్పిపోతే దిగేవాడి ప్రాణం మీదికి వస్తుంది. ఇలా నేర్చుకున్న మాటను మనిషి రిటైరయ్యాక కూడా మరిచిపోడు. కొడుకు కాగితం మీద 'హ్యాండ్ ఓవర్: అప్పగించుట' అని పద్నాలుగో నంబరు దగ్గర ఉంటుంది. పదిహేనో నంబరుకు వచ్చేసరికి పద్నాలుగోది జారిపోతుంది.

ఫ్రేజల్ వర్బ్ అన్న పేరే మన బొగ్గుతో పోలిస్తే నిన్నమొన్నటిది. నిఘంటుకారుడు హెన్రీ బ్రాడ్లీ సూచించాడంటూ ఆ పేరును లోగన్ పియర్సల్ స్మిత్ 1925లో తన పుస్తకంలో అచ్చేశాడు. సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది 1920 డిసెంబర్ 23న. విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు కనిపెట్టింది అంతకు దాదాపు యాభై ఏళ్ల ముందే. అంటే ఈ క్రియలకు పేరు పెట్టకముందే మన వాళ్లు బొగ్గు బాయిల్లో కలిసి పనిచేస్తున్నారు. యంత్రాలు రాని కాలంలో డ్రిల్లర్ బొక్క వేస్తే షాట్‌ఫైరర్ పేల్చేవాడు. టింబర్‌మెన్ కప్పుకు దుంగలు నిలబెట్టేవాడు, ఫిల్లర్లు తట్టా, చెమ్మస్ అనే పారతో టబ్బు నింపేవాళ్లు, ట్రామర్లు దాన్ని తోసేవాళ్లు. ఒకడు చేయి ఆపితే వెనక ఉన్న అందరి కూలీ ఆగేది. పుల్ టుగెదర్ అని మనవాడు కంఠస్థం చేస్తున్నాడే, ఆ ట్రామర్లు చేసింది అదే. కాకపోతే లాగలేదు, తోశారు.

ఇక్కడ ఒక చిత్రం ఉంది. తండ్రి తరానికి బాగా పట్టుబడ్డ ఇంగ్లిష్‌లో సగం కొట్లాటలకు సంబంధించింది. లాకౌట్, వాకౌట్, లేఆఫ్, చార్జిషీట్, సస్పెన్షన్. కలిసి పనిచేయడానికి వాళ్లకు ఇంగ్లిష్ అవసరం పడలేదు, తెలుగూ కాసింత ఉర్దూ సరిపోయాయి. కొట్లాట మాత్రం దొరలు రాసే నోటీసు మీద నడిచేది, ఆ నోటీసు ఇంగ్లిష్‌లో ఉండేది. 1990ల మొదట్లో ఏటా వందల సమ్మెలు జరిగి, నష్టాలు పేరుకుని, కంపెనీ ఖాయిలా పరిశ్రమల వ్యవహారం చూసే బీఐఎఫ్‌ఆర్ గడప తొక్కాల్సి వచ్చిన రోజుల్లో ఆ పదసంపద ఎంత పెరిగిందో ఊహించుకోవచ్చు. అదే జనం తెలంగాణ రాష్ట్రం కోసం జరిగిన 2011 సకల జనుల సమ్మెలో ఒక్క మాట మీద నిలబడి బొగ్గు ఆపారు. దాన్ని బ్యాండ్ టుగెదర్ అంటారని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. లాభాల్లో వాటా లెక్క కూడా అంతే. 2023-24కు 33 శాతం ప్రకటించినప్పుడు షేర్ అవుట్ అనే క్రియ తెలియని ఇళ్లలో కూడా ఎవరికెంత వస్తుందో లెక్కలు పైసల దాకా తేలిపోయాయి.

ఇంటర్వ్యూ బోర్డు ముందు తండ్రి అనుభవం పనికొస్తుందా, అక్కడ అడిగేది ఇంగ్లిషే కదా అని ఎవరైనా అనొచ్చు. నిజమే. బాయిలో కొలువు దొరికినా పైకి రావాలంటే ఇంగ్లిష్ తప్పదు, మేనేజర్ సర్టిఫికెట్ పరీక్ష తెలుగులో ఉండదు. పైగా 1990ల మొదట్లో లక్ష దాటిన కార్మికులు ఇప్పుడు 40 వేల దరిదాపుల్లో ఉన్నారు. తండ్రి పని కొడుక్కి వస్తుందన్న భరోసా మునుపటిలా లేదు. హైదరాబాద్ వెళ్లేవాడు ఇంగ్లిష్ మూట కట్టుకుని వెళ్లాల్సిందే. అందుకే తెలుగు ఉండగా ఈ పరభాష మోజు ఏమిటని మూతి విరిచేవాళ్లతో నాకు పేచీ ఉంది. వాళ్లలో చాలామంది ఇళ్లలోని పిల్లలు ఎప్పుడో ఇంగ్లిష్ మీడియం దాటి విమానం ఎక్కేశారు. పేదింటి పిల్లవాడి ఇంగ్లిష్‌ను చూసి నవ్వడం పెద్దింటి వినోదం కాదా అన్న ప్రశ్నకు మాత్రం బరువుంది. పిచ్ ఇన్‌ను పిచ్చి అని విన్నందుకు ఆ తల్లిని ఎవరైనా వెక్కిరిస్తే అది పాపమే. ఆమెకు అర్థం తెలిసిన మరుక్షణమే దాన్ని బిందెలకు వర్తింపజేసింది. కొడుకు వారం రోజులుగా చేయలేని ప్రయోగం అది. తప్పు పిల్లవాడిది కూడా సగమే. యాభై క్రియలకు యాభై అర్థాలు జిరాక్సు తీసి చేతిలో పెట్టి, పరీక్ష పెట్టి, మార్కులేసి పంపే కోచింగ్ సెంటర్ల పద్ధతిదే మిగతా సగం. ఆ జిరాక్సుల వెల మాత్రం ఫీజులో కలిపే ఉంటుంది.

కాబట్టి పిచ్‌ఇన్ అన్నలకు ఒక మాట. జాబితా చించేయక్కర్లేదు, గడియ తీయండి చాలు. ఇద్దరు కూర్చుని, ఒకరు షిఫ్టు దిగేవాడిగా, ఒకరు ఎక్కేవాడిగా, అరగంట పాటు పంపు గురించి ఇంగ్లిష్‌లో అప్పగింతలు పెట్టుకుంటే హ్యాండ్ ఓవర్, టేక్ ఓవర్, స్టాండ్ బై, బ్రేక్ డౌన్ అన్నీ పిలవకుండానే వస్తాయి. తప్పులు కూడా వస్తాయి, రానివ్వండి. బోర్డులో ఎవరైనా టీమ్‌వర్క్‌కు ఒక ఉదాహరణ చెప్పమంటే కాలేజీ ఫెస్ట్‌లో స్టేజీ కట్టిన కథ చెప్పకండి, అది వాళ్లు పొద్దున్నుంచీ వింటున్నదే. ముందు గదిలో ఉన్న మనిషిని అడిగి, ఒక షిఫ్టు ఎలా నడుస్తుందో తెలుసుకుని వెళ్లండి. అయితే ఆయన నైట్ షిఫ్టు చేసి వచ్చాడు, నిద్ర లేచేదాకా ఆగండి.