గదికి ఒకే గ్రూపు

మా రోజుల్లో హాస్టల్ గదిలో పక్క మంచం ఎవరిదో ముందే తెలిసేది కాదు. సీటు దొరికినవాడు రేకుపెట్టె, పరుపుచుట్ట తెచ్చుకొని వార్డెన్ గారు చూపించిన గదిలో దిగేవాడు. వాడిది బీఎస్సీనా, బీఏనా, బీకామా అని ఎవరూ చూసేవారు కాదు. ఏ మంచం ఖాళీగా ఉంటే అదే వాడిది. ఇప్పుడు పటేల్‌గూడలో మా ఇంటి నుంచి బీరంగూడ కమాన్ దాకా నడిస్తే చాలు, కరెంటు స్తంభాలకు కట్టిన ఫ్లెక్సీలన్నీ ఒకటే పాట పాడుతుంటాయి. జేఈఈ వాళ్లకు ఒక క్యాంపస్, నీట్ వాళ్లకు మరో క్యాంపస్, ర్యాంకు వస్తుందనుకున్న వాళ్లకు ఇంకో బ్యాచ్. పదహారేళ్ల పిల్లలను ఇట్లా ఏరి, ఎవరి బిల్డింగులో వాళ్లను పెట్టి తాళం వెయ్యడం నాకు నచ్చదు.

మా వీధిలో అమ్మాయి ఒకతె ఇంటర్ హాస్టల్లో ఉంది. ఔటింగ్ ఇచ్చినప్పుడు వస్తుంది. "మీ రూంల ఎవరెవరున్నరు బిడ్డా?" అని అడిగాను.

"అందరం బైపీసీనే తాతా. మా బిల్డింగే బైపీసీ."

"ఎంపీసీ పిల్లలు కలుస్తరా?"

"వాళ్ల క్యాంపస్ వేరే. మేం సూడనే సూడం. మా దాంట్ల గూడ టెస్టుల మార్కులు తగ్గితే సెక్షన్ మారుస్తరు. సెక్షన్ మారితే రూం గూడ మారుతది."

ఆ చివరి మాట నాకు మింగుడుపడలేదు. మార్కులు తగ్గిన వారమే పిల్లకు తోడు కావాలి. సరిగ్గా ఆ వారమే పక్కమంచం స్నేహితురాలిని కూడా తీసేస్తున్నారు. హాస్టల్ అంటే ఇల్లు వదిలి వచ్చిన పిల్లలకు ఇంకో ఇల్లు కావాలి. ఇంట్లో మార్కులు తగ్గాయని ఏ తల్లీ పిల్లను ఇంకో గదిలోకి పొమ్మనదు.

నేను 1970లలో హైదరాబాద్‌లో బీకాం చదివాను. మా గదిలో ఒకడిది బాటనీ, ఒకడిది పొలిటికల్ సైన్స్, ఇంకొకడిది లెక్కలు. బాటనీవాడు ఊరికి పోయొచ్చినప్పుడల్లా సంచినిండా ఆకులూ పూలూ తెచ్చి, పాత పేపర్ల మధ్య పెట్టి, మా అందరి పరుపుల కింద అణిచిపెట్టేవాడు. హెర్బేరియం కోసం. రాత్రి పడుకుంటే వీపు కింద తంగేడు కొమ్మ. తిట్టుకుంటూనే అడిగేవాళ్లం, ఇదేమిటి, అదేమిటి అని. పొలంలో కందిచేను, గట్టు మీద తుమ్మచెట్టు, బతుకమ్మలో పేర్చే తంగేడు, మూడూ ఒకే కుటుంబానివని వాడే చెప్పాడు. కాయలు చూడండి, మూడూ చిక్కుడు జాతి కాయలే కదా అన్నాడు. డెబ్బై దాటిన ఈ వయసులో కూడా తుమ్మకాయ కనబడితే వంగి చూస్తాను. బీకాం పుస్తకాల్లో ఇది ఎక్కడుంది?

1975లో ఎమర్జెన్సీ వచ్చింది. పేపరుకు సెన్సార్ అంటే ఏమిటో, ప్రాథమిక హక్కులు ఆపేయడమంటే ఏమిటో పొలిటికల్ సైన్స్ వాడు తలుపు దగ్గరికి వేసి, గొంతు తగ్గించి చెప్పాడు. లెక్కలవాడికి అవేమీ పట్టేవి కావు, కానీ మెస్ లెక్క తేలని రోజు వాడే దిక్కు. మాది డివైడింగ్ మెస్. నెలంతా అయిన ఖర్చును నెలాఖరుకు తిన్నవాళ్ల లెక్కన పంచుకోవాలి. మెస్ సెక్రెటరీని మేమే ఎన్నుకునేవాళ్లం. బియ్యం బస్తా ధర, కిరసనాయిలు, వంటమనిషి జీతం, ఊరికి పోయినవాడి తగ్గింపు, వచ్చిన చుట్టం పూట లెక్క, అన్నీ కలిపి చిట్టా రాయడం నేను అక్కడ నేర్చుకున్నాను. ఆ తర్వాత పటాన్‌చెరు ఫ్యాక్టరీల్లో జీవితమంతా రాసింది ఆ చిట్టాలే.

మా కాలం అంతా బంగారం అని నేను అనడం లేదు. అప్పుడూ ఏరివేత ఉండేది. అది కులం ఏరివేత. 1918లో కొత్వాల్ రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి చొరవతో హైదరాబాద్‌లో రెడ్డి హాస్టల్ వచ్చింది. ఊళ్ల నుంచి చదువుకు వచ్చే పిల్లలకు నగరంలో తలదాచుకునే చోటే లేని కాలం అది. తర్వాత ఇతర కులాలవాళ్లూ ఎవరి హాస్టల్ వాళ్లు కట్టుకున్నారు. ఆ పద్ధతి మళ్లీ రావాలని నేను ఎన్నడూ కోరను. అయితే ఆ గోడల లోపల చదువులు మాత్రం కలిసే ఉండేవి. రెడ్డి హాస్టల్‌కు కార్యదర్శిగా పనిచేసిన సురవరం ప్రతాపరెడ్డినే చూడండి. చదివింది న్యాయం, 1926 నుంచి నడిపింది గోలకొండ పత్రిక, రాసింది ఆంధ్రుల సాంఘిక చరిత్ర. అలాంటి పెద్దమనిషి హాస్టల్ వ్యవహారాలు చూస్తుంటే పిల్లల చెవుల్లో ఎన్ని రకాల మాటలు పడి ఉంటాయి!

ఇప్పుడు కులం గోడ కొంత తగ్గి గ్రూపు గోడ లేచింది. దీనికి కాలేజీలవాళ్లు అమెరికాను ఉదాహరణగా చూపిస్తున్నారు. అక్కడి యూనివర్సిటీల్లో ఒకే ఆసక్తి ఉన్న విద్యార్థులకు ఒకే హాలు ఇస్తారు, మేమూ అదే చేస్తున్నాం అంటారు. అక్కడ ఏం జరిగిందో పూర్తిగా చెప్పాలి కదా. 1927లో విస్కాన్సిన్ యూనివర్సిటీలో అలెగ్జాండర్ మైకిల్‌జాన్ అనే ఆచార్యుడు ఎక్స్‌పెరిమెంటల్ కాలేజీ పెట్టాడు. విద్యార్థులంతా ఆడమ్స్ హాల్‌లో ఉండేవాళ్లు, చెప్పే గురువులకూ అక్కడే చోటు. మొదటి ఏడాది అందరూ కలిసి ప్రాచీన ఏథెన్స్‌ను చదివారు. దాని రాజకీయం, నాటకం, తత్వం, బతుకుతెరువు, అన్నీ. రెండో ఏడాది తమ అమెరికానే అట్లా చదివారు. ఆ కాలేజీ 1932లో మూతపడింది కానీ, కలిసి ఉండి కలిసి చదివే హాళ్లకు అక్కడివాళ్లు ఈనాటికీ దాని పేరే చెప్పుకుంటారు. అక్కడ ఒకచోట చేర్చింది అన్ని శాస్త్రాలనూ కలిపి ఆలోచించడానికి. ఇక్కడ చేర్చేది మూడు సబ్జెక్టుల బిట్లు వేగంగా పెట్టడానికి. రెండింటినీ ఒకే గాటన కట్టకండి. పక్షులంటే ఇష్టమున్న పిల్లలను ఒక గదిలో వెయ్యండి, నాటకాలు రాసేవాళ్లను ఒక వరండాలో పెట్టండి, నేను చేతులెత్తి దండం పెడతాను. ర్యాంకు అనేది ఆసక్తి కాదు.

ఇంత పట్టుపట్టి ఎందుకు చెబుతున్నానంటే, మేం బతికిన చోటు అటువంటిది. పటాన్‌చెరు, బొల్లారం ఫ్యాక్టరీల మురుగు నక్కవాగులో కలిసి, అక్కడి నుంచి మంజీరలోకి పోయింది. బావుల్లో నీళ్లు రంగు మారాయి, పొలాలు పాడయ్యాయి, పశువులు చచ్చాయి. ఫ్యాక్టరీల లోపల కెమిస్ట్రీ బాగా చదువుకున్నవాళ్లకు కొదవ లేదు. రియాక్టర్‌లో ఏం పోస్తే ఏం వస్తుందో వాళ్లకు క్షుణ్నంగా తెలుసు. గోడ దాటిన తర్వాత ఆ నీళ్లు ఎవరి చేలోకి పోతాయన్నది వాళ్ల సబ్జెక్టు కాకుండా పోయింది. దాన్ని పట్టుకున్నవాడు పటాన్‌చెరులో ప్రాక్టీసు పెట్టుకున్న డాక్టర్ అల్లాని కిషన్‌రావు. రోగులను చూస్తూ చూస్తూ నీళ్ల దాకా వెళ్లాడు, నీళ్ల నుంచి రైతుల దగ్గరికి, రైతులతో కలిసి పోరాటంలోకి. 1990లో వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది. డాక్టరు, లాయరు, రైతు, నీటిని పరీక్షించే శాస్త్రవేత్త ఒక్కచోట కూర్చుంటే తప్ప ఆ సమస్య ఏమిటో కూడా తేలేది కాదు.

అట్లా అందరూ ఒక్కచోట కూర్చునే సంస్థ కూడా ఇక్కడే ఉంది. 1972లో ఇక్రిశాట్ వచ్చింది. జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ మీద పరిశోధన. కొత్త వంగడాలు తీసేవాళ్లు, తెగుళ్లు చూసేవాళ్లు, పురుగులు చూసేవాళ్లు, నేల చూసేవాళ్లు, అందరిదీ ఒకే క్యాంపస్. 1975లో పాలమూరు జిల్లా ఔరేపల్లి, డోకూరు లాంటి ఊళ్లలో ఆర్థికశాస్త్రం వాళ్లను పెట్టి, ఇంటింటి పంట, అప్పు, కూలి లెక్కలు ఏళ్ల తరబడి రాయించారు. వంగడం ఎంత మంచిదైనా రైతు ఎందుకు వేస్తాడో, ఎందుకు వెయ్యడో విత్తనాన్ని చూస్తే తెలియదు కాబట్టి.

కంది అనే ఊరి దగ్గర ఉన్న ఐఐటీలో హాస్టళ్లకు ఆర్యభట్ట, భాస్కర, చరక, కౌటిల్య, వ్యాస అని పేర్లు పెట్టుకున్నారు. ఖగోళం, గణితం, వైద్యం, అర్థశాస్త్రం, కావ్యం అన్నీ పక్కపక్క బిల్డింగులయ్యాయి. చాలా మంచి పేర్లు. ఆ ఐఐటీలో సీటు కోసమని పిల్లలను రెండేళ్లు పెడుతున్న హాస్టళ్లలో మాత్రం చరకుడు చదివేది భాస్కరుడి చెవిన పడే దారి లేదు.

దాని ఫలితం బీరంగూడ, పటాన్‌చెరు అద్దె గదుల్లో కనబడుతూనే ఉంది. మందుల కంపెనీల్లో చేరిన ఎమ్మెస్సీ పిల్లలు ఒక్కో గదిలో నలుగురైదుగురు ఉంటారు. అందరిదీ ఆర్గానిక్ కెమిస్ట్రీనే. ఒకడు ఏ షిఫ్టు, ఒకడు సీ షిఫ్టు. బుద్ధిమంతులు, కష్టజీవులు. మాట కలిపితే బ్యాచ్ గురించో, ఆడిట్ గురించో, వేరే కంపెనీలో ఎంత ఇస్తారన్న దాని గురించో తప్ప ఇంకోటి రాదు. పీఎఫ్ లెక్క ఎట్లా చూసుకోవాలో తెలియక జీతం చీటీ పట్టుకొని నా దగ్గరికి వస్తారు. నేను సంతోషంగానే చెబుతాను. వాళ్ల గదిలో ఒక్క బీకాం పిల్లగాడు ఉన్నా నా అవసరం పడేది కాదు. ఇంటర్ నుంచి ఎమ్మెస్సీ దాకా వాళ్లకు అటువంటి తోడు దొరకనివ్వలేదు.

పిల్లలను హాస్టల్లో వెయ్యబోయే తల్లిదండ్రులకు నాదొక మనవి. ఫీజు ఎంత, ఏసీ ఉందా, ఎన్ని ర్యాంకులు వచ్చాయి అని అడుగుతారు, అడగండి. దానితోపాటు, మా పిల్ల గదిలో వేరే గ్రూపు పిల్లను ఒక్కరినైనా వెయ్యండి అని కూడా అడగండి. క్లాసులు వేరుగానే పెట్టుకోనివ్వండి, స్టడీ అవర్స్ వేరుగానే ఉండనివ్వండి. అన్నం తినేచోట, పడుకునేచోట కలపమనండి. మార్కులు తగ్గితే గది మార్చబోమని కాగితం మీద రాయించుకోండి. కుదరదు అంటే ఇంకో హాస్టల్ చూసుకోండి.