ముందు నువ్వు కొట్టు

మా లాలాపేట్‌లో ఒకప్పుడు స్టేటస్ ఉన్న మనిషంటే రైల్వే ఉద్యోగం, సొంత స్కూటరు ఉన్నాయన. రిటైరయ్యేదాకా ఆ స్టేటస్‌కు ఢోకా ఉండేది కాదు. 2017లో వాట్సాప్ ఆ మాటను పట్టుకుపోయాక దాని ఆయుష్షు 24 గంటలకు పడిపోయింది. మా పిన్ని ఉదయం వేంకటేశ్వరస్వామిని, మధ్యాహ్నం గుత్తివంకాయను, రాత్రి పేరెత్తకుండా ఆడపడుచును స్టేటస్‌లో పెడుతుంది. చూడలేదని బుకాయించడానికి లేదు. ఎవరెప్పుడు చూశారో ఆవిడ దగ్గర హాజరుపట్టీ ఉంటుంది.

మాటలు అర్థాలు మార్చుకోవడం కొత్తేం కాదు. కంపు ఒకప్పుడు సువాసన. చీరంటే ఏ బట్టయినా సరే. నూనె నువ్వులదే అయ్యుండాలి. కైంకర్యమంటే దేవుడికి చేసే సేవ; అదే మాట గుడి మాన్యం మింగడం దాకా ఎలా దిగజారిందో ధర్మకర్తలనే అడగాలి. ఇక్కడికి దగ్గర్లోనే, తార్నాక అవతల ఉస్మానియాలో భద్రిరాజు కృష్ణమూర్తి గారు భాషాశాస్త్ర శాఖ నడిపారు. ఆయన సంపాదకత్వంలోనే 1974లో ‘తెలుగు భాషా చరిత్ర’ వచ్చింది. అర్థసంకోచం, అర్థవ్యాకోచం అంటూ మాస్టార్లు నిదానంగా పాఠం చెప్పగలిగారంటే, ఆ రోజుల్లో మాట ఒకసారి మారితే మళ్లీ కొన్ని తరాలు కదలకుండా కూర్చునేది కాబట్టి. ఇప్పుడు గంట కొట్టేలోగా ఇంకో అర్థం వచ్చేస్తోంది.

రిచర్డ్ డాకిన్స్ అనే జీవశాస్త్రవేత్త 1976లో ‘మీమ్’ అనే మాట పుట్టించాడు. మనిషి నుంచి మనిషికి పాకే సంస్కృతి తునక అని ఆయన ఉద్దేశం. తెలుగునాట ఆ తునక బ్రహ్మానందం గారి ముఖం మీద స్థిరపడింది.

ఇంతకంటే పెద్ద మార్పు మా వీధి కొబ్బరిబోండాల బండి మీద జరిగింది. 2016లో యూపీఐ వచ్చింది, ఆ వెనకే నలుపు తెలుపు గడుల అట్ట వచ్చి బండికి వేలాడింది. దాన్ని అందరూ స్కానర్ అంటారు. భాషాభిమానం నన్ను ఊరుకోనివ్వలేదు.

“అన్నా, స్కాన్ చేసేది నా ఫోను. అది స్కానర్. నీ అట్ట కోడు” అన్నాను.

“స్కానర్ నీ దగ్గర్నే ఉంటే నన్నెందుకు అడుగుతున్నవ్ సార్?”

తర్కశాస్త్రంలో దీనికి జవాబుందేమో, నా దగ్గర లేదు.

చిన్నప్పుడు మా వాడలో పైసలు కొట్టినవాణ్ని పట్టుకుని తన్నేవాళ్లు. ఇప్పుడు పైసలు కొట్టకపోతే తంతారు. కొట్టేది గూగుల్‌పేలో అయినా “ఫోన్‌పే కొట్టిన” అనే అనాలి, ఏ వనస్పతినైనా డాల్డా అన్నట్టు. బండి దగ్గర ఈ క్రియ రెండు చేతులా సంపాదిస్తుంది: నేను బోండం కొట్టమంటాను, అతను పైసలు కొట్టమంటాడు. డబ్బాలోంచి “యాభై రూపాయలు” అని ఆడగొంతు పలికితేనే కత్తి లేస్తుంది.

మొన్న సిగ్నల్ లేక ఫోన్‌లో చక్రం తిరుగుతూనే ఉంది.

“ముందు నువ్వు కొట్టు” అన్నాను, దాహం ఆగక.

“గట్లెట్ల? నువ్వు కొట్టు సార్, నేను కొడ్తా” అన్నాడు, కత్తి పట్టుకుని.

వెనక నిలబడ్డ కాలేజీ పిల్లాడు ఫోన్‌లోంచి తలెత్తాడు. రెండడుగులు వెనక్కి వేసి, కెమెరా ఆన్ చేశాడు.