గ్యాస్ సూత్రం: సటీకా తాత్పర్యం

మూలం: "గ్యాస్ అయిపోయిందండి. ఎక్కించాలి."

అవతారిక: ఇది ఫ్రిజ్ మెకానిక్కులలో గురుశిష్య పరంపరగా వచ్చుచున్న సూత్రము. ద్రష్ట తలుపు తెరచి, లోపల అరచేయి ఉంచి, క్షణకాలము కన్నులు మూసినంతనే ఇది వెలువడును. ఫ్రిజ్‌ను గోడనుండి ఇవతలికి జరుపుట, టార్చి వేసి వెనుక చూచుట మొదలగు లౌకిక వ్యాపారములు ఆతనికి నిషిద్ధములు.

ప్రతిపదార్థం: గ్యాస్ = సులభము. ఎక్కించాలి = స్పష్టము. అండి = గౌరవార్థకము; డబ్బు చేతబడిన పిమ్మట లోపించును. 'అయిపోయింది' అనునదొక్కటే విచార్యము. బియ్యము అయిపోవును, వండుకొని తిందుము గనుక. ఫ్రిజ్‌లోని గ్యాసును తిన్నవారెవరు? అది మూసిన గొట్టములలో కంప్రెసర్‌నుండి వెనుక జాలీకి, అచటినుండి సన్నని కేపిలరీ గుండా ఫ్రీజరుకు, మరల కంప్రెసర్‌కు ప్రదక్షిణము చేయునే గాని ఖర్చు కాదు. తగ్గినదన్నచో ఎక్కడనో చిల్లి ఉండవలెను. మంచు గీకుటకు కత్తి పట్టిన గృహస్థులు కొందరు ఆ చిల్లికి కర్తలు. మా యింట కత్తి పట్టినవారు లేరు. మరి చిల్లి ఎక్కడ? సూత్రము మౌనము వహించినది.

విశేషం: సూత్రగతమైన అనుమానమిది. గ్యాసున్నచోట చల్లదనముండును, ఇచట చల్లదనము లేదు, కావున గ్యాసు లేదు. తర్కసంగ్రహము చదువుకొన్న పిల్లవాడైనను దీనికెదురుగా ఎర్రగా కాలిన ఇనుపగుండును తెచ్చి పెట్టును. అందు నిప్పు కలదు, పొగ లేదు. నిప్పుకు పచ్చికట్టె తోడైననే పొగ. ఆ పచ్చికట్టెయే ఉపాధి. ఆహా, ఉపాధి! పొగ ఉన్న ప్రతిచోటను తానుండును, నిప్పున్న ప్రతిచోటను ఉండదు. ఎంతటి అనుమానమునైనను నిలువునా కూల్చును. తార్కికులు ఇన్ని శతాబ్దములుగా ఆ గుండును కాల్చుచునే యున్నారు. బొగ్గులకు డబ్బిచ్చినదెవరో, కమ్మరికి కూలి ముట్టినదో లేదో నేను చదివినంతలో ఏ వ్యాఖ్యాతయు వ్రాయలేదు. గుండు నడుమ చల్లారెనా అను శంకయు మిగిలియున్నది. అవసరము లేనిది వ్రాయనని మల్లినాథసూరి ప్రతిన పూనినాడు. నాకట్టి ప్రతిన లేదు.

ఏమి చెప్పుచుంటిమి? ఫ్రిజ్. ఇచట పచ్చికట్టె ఏదనగా, లోపలి వేడి బయటికి పోవుటయు, బయటి వేడి లోనికి రాకుండుటయు. జాలీ దుమ్ము పట్టినను, డోరు రబ్బరు వదులైనను, మంచు కరిగించు హీటరు కాలి గాలిదారి గడ్డకట్టినను గ్యాసు నిండుగానే ఉండును, చల్లదనము ఉండదు. తలుపు సందులో ఒక నోటు పెట్టి మూసి లాగితే, ఊరికే జారి వచ్చేస్తే రబ్బరు పోయినట్టే. ఇది ఇంట్లో పిల్లలు చేయగలరు. విజిటింగ్ చార్జి తీసుకున్న మనిషి చేయలేడా? పోయిన వేసవిలో ఎక్కించిన గ్యాసు ఈ వేసవికి మళ్లీ ఎలా పోయిందయ్యా అంటే, "వోల్టేజీ అండి" అంటాడు! నైట్రోజన్ పెట్టి, సబ్బునురగ రాసి చిల్లి వెతకాలి. అది మూసి, డ్రయ్యర్ మార్చి, వాక్యూమ్ లాగి, అప్పుడు తూకం వేసి నింపాలి. గ్యాసు పేరూ, ఎన్ని గ్రాములో కూడా ఫ్రిజ్‌కు అంటించిన చీటీ మీదే ఉంటాయి. ఆర్-600ఏ అయితే కొన్ని పదుల గ్రాములే, పైగా మండే సరుకు. ఈయన సంచిలో తూకమే లేదు. బిల్లుపుస్తకం ఉంది.

తాత్పర్యం: ఓ గృహస్థా! నేను వంగను. నీవు చెల్లింపుము.

పాఠాంతరం: "కంప్రెసర్ పోయిందండి" అని కొందరు పఠింతురు. రిలే చెడి కంప్రెసర్ టిక్కుమని ఆగిపోవునపుడు ఈ పాఠమునకు ప్రాచుర్యము మెండు. రెంటికిని అర్థభేదము లేదు, ధరలో కలదు.